ఎడమ దిక్కుకు బెల్లు

బొటనవేలిని పిడికిట్ల దాచి
మణికట్టు కిందికి వంచుమన్నడు డాక్టరు.
వంచిన.
చండూరు దవాఖాన్ల పట్టపగలు
చుక్కలు లెక్కపెట్టిన.

"ఏం పని చేస్తవమ్మా?"
ఉత్తరాలు పంచుత సార్.
ఇప్పుడు ఉత్తరాలెక్కడియి గని
పింఛన్లు పంచుత.
నాలుగూళ్లు, ఒక తండ, సైకిలు మీద.
"మూడు వారాలు సైకిలు బందు."
ఆయన ఎంత అల్కగ అన్నడో
నేనంత అల్కగ తలూపిన.
బంద్ కాదని ఇద్దరికి ఎరుకే.

నేనైతే నీళ్లనుకున్న.
మా దిక్కు ఏ ఎముక నొచ్చినా
ముందుగాల బోరింగునే తిడతం.
కాదంట.
ఇది హ్యాండిలు పాపం, బ్రేకు పాపం,
కంకర తేలిన తొవ్వ పాపం.
పదిహేడేండ్ల సంది మూలమలుపుల కాడ
మేకలకు, కుక్కలకు,
ఫోన్ల మునిగిన మనుషులకు
ఈ ఒక్క వేలే చెప్పుకుంట వచ్చింది
నేనొస్తున్న అని.

నొప్పి ఎట్లుంటదంటే
బత్తాయి తొక్క ఒలవరాదు.
తాళం తిప్పబోతే తాళమే నన్ను తిప్పుతది.
నడిరాత్రి దుప్పటి మీదికి గుంజుకుంటే
చేతి లోపట ఎవరో సన్నటి తీగ లాగినట్టు
మోచేతి దాంక.
పిండి పిసుకుడు ఇప్పుడు మా ఆయన పని.
ఆయన కొట్టిన జొన్నరొట్టె
పటంల నల్లగొండ జిల్లా లెక్క వస్తది,
అన్ని దిక్కుల కొసలు తేలి.
తింటున్న.

సైకిలు షాపు మౌలాలి మందు వేరే.
"నువ్వు తొక్కుతలేవక్కా,
హ్యాండిలు మీద బోర్ల పండుతున్నవ్.
నీ బరువు నడుము మొయ్యాలె గని
చేతులు మోస్తయా?"
హ్యాండిలు రెండు వేళ్లంత లేపిండు.
ముందుకు వాలిన సీటు సాపు చేసిండు.
పాత ట్యూబు కోసి పట్టుకు చుట్టిండు.
బెల్లును కుడి దిక్కు ఊడదీసి
ఎడమకు బిగించిండు.
"గట్టిగ పట్టకు.
కోడిపిల్లను పట్టినట్టు పట్టు."

వాగు దిగేకాడ
నా అలవాటు
కోడిపిల్లను రెండుసార్లు చంపింది.

తండల ద్వాళి యాడి
వాకిట్ల గోనెసంచి పరిచి కూసున్నది.
ఆమె వేలు మిషనుకు ఆనదు.
పత్తి ఏరి ఏరి, మిరపకాయ తెంపి తెంపి
గీతలన్ని చేన్లల్లనే పోయినయ్.
ఆమె బొటనవేలి మీద
నా బొటనవేలు పెట్టి ఒత్తాలె.
ఎర్ర లైటు.
మళ్ల ఒత్తాలె.
ఎర్ర లైటు.
మూడోసారి నా నోట్లకెల్లి అబ్బా అని వచ్చింది.
ఆమె గబుక్కున వేలు గుంజుకున్నది,
తనదే తప్పయినట్టు.

అప్పుడు చూసింది నా చేతి పట్టీ.
ఏమడగలె.
లోపటికి పోయి ఆముదం సీస తెచ్చింది.
నా చెయ్యి ఒళ్లె పెట్టుకొని
పట్టీ విప్పి, నొప్పున్న జాగ ముట్టకుండ
చుట్టుపక్కలంత రాసింది,
బెదిరిన ఆవును మలిపినట్టు మెల్లగ.
వెనుక లైన్ల ఉన్నోళ్లు
నా పింఛను, నా పింఛను అని గునిగిన్రు.
ఆమె వాళ్ల దిక్కు చూడలె.

కొంగుకు నూనె తుడుచుకున్నది.
చూపుడువేలు మిషను మీద పెట్టింది.
పచ్చ లైటు.
"గిదెప్పటి సంది పనిచేస్తది యాడీ?"
"నువ్వెన్నడన్న అడిగినవా?"

మిగిలిన ఇరవై ఆరుమందిని
ఒక్కొక్కరిని అడిగిన, ఏ వేలు అని.
పొద్దు గూకింది.

వచ్చేటప్పుడు మూలమలుపు కాడ
నల్లమేక ఒకటి తొవ్వకు అడ్డం.
కుడి బొటనవేలు
బెల్లు లేని జాగల గాలిని ఒత్తింది.
ఎడమది యాదికి తెచ్చుకొని
ఒక గడియ ఆలస్యంగ మోగించింది.
మేక అప్పటికే పక్కకు జరిగింది,
నా బెల్లుకు కాదు,
ఎదురుంగ వస్తున్న బత్తాయిల లారీకి.
నేను కూడ జరిగిన,
కోడిపిల్ల చేతుల్లనే ఉన్నది.